వంటింట్లో తూర్పు గోడ

బాలకిషన్ చెడ్డవాడు కాడు. అరవడు, తాగడు, ఆదివారం పూట కూరగాయలు కూడా తెస్తాడు. భర్త మీద ఫిర్యాదు చెయ్యవలసి వచ్చినప్పుడల్లా అహల్య ఇలాగే మొదలుపెడుతుంది. ముందు రెండు మంచిమాటలు పడితే తర్వాతి మాట బాగా తగులుతుందని ఆమె అనుభవం. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒక్కటే, వంకర పడదు. గోడమీద క్యాలెండరు అరంగుళం పక్కకు ఒరిగితే ఆయనకు అన్నం సయించదు. రొట్టెను నాలుగు సమానమైన ముక్కలు చేసుకుంటే తప్ప తినడు. అహల్య చెల్లెలి పెళ్లిలో పెళ్లికొడుకు బాసికం ఒక పక్కకు జారిందని, తలంబ్రాలు పోస్తుండగా మండపం ఎక్కి సర్ది వచ్చాడు. వీడియోలో అది ఇప్పటికీ ఉంది.

ఆయన ముప్పై ఏళ్లుగా నాంపల్లిలో ఒక సర్కారీ ఇంజనీరింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలువలు, కల్వర్టులు, నీళ్ల ట్యాంకులు. ఒకప్పుడు అన్నీ తనే గీసేవాడు. కంప్యూటర్లు వచ్చాక కొత్తగా చేరినవాళ్లు గీసిన నక్షాలు ఆయన బల్లమీదికి సరిచూడటానికి వస్తాయి. సరిచూసి, కింద కుడిచేతి మూలన ఇంగ్లీషులో 'చెక్డ్' అని రాసి, బి.కె. అని రెండు పొడి అక్షరాలు వేస్తాడు. చేతికి అంత అలవాటైపోయి ఆ రెండక్షరాలూ ఇంట్లో గ్యాసు బుక్కు మీదా, కూతురు మనస్విని ప్రోగ్రెస్ రిపోర్టుల మీదా, చివరికి బంధువుల శుభలేఖల మీదా కనిపిస్తాయి. పెళ్లి జరపవచ్చునని ఆయన అనుమతి ఇచ్చాడన్నమాట.

అలాంటి మనిషి కూతురు ఆర్కిటెక్చర్‌లో చేరితే ఆయన సంతోషం మూడు వారాలు నిలిచింది. నాలుగోవారం కాలేజీలో ఏం చెబుతున్నారో తెలిసింది. మొదటి ఏడాది స్టూడియో అనే డ్రాయింగు క్లాసులో ఇంటి గురించి ఒక్కముక్క లేదు. మట్టి పిసకమంటారు. నలిపిన కాగితం నీడను బొగ్గుతో గీయమంటారు. కుడిచేత్తో ఎడమచేతిని గీయాలి, గీస్తున్నంతసేపూ కాగితం వైపు చూడకూడదు. బషీర్‌బాగ్ కాలేజీ నుంచి మనస్విని రోజూ ముక్కుమీద మసితో దిగుతుంటే బాలకిషన్, ఇది కాలేజీనా అంగన్‌వాడీనా అని అహల్యను అడిగేవాడు. స్టూడియో సారు పేరు ఆనంద్ పాల్. ఆయన మొదటిరోజే పిల్లల దగ్గర స్కేళ్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడని విన్నప్పుడు బాలకిషన్ తింటున్న ముద్ద కింద పెట్టి, ఎందుకన్నాడు. చేతికి ముందు చూడటం రావాలట, అంది మనస్విని. చూసేది కండ్లు గదా, అన్నాడాయన. ఆ సంగతి అక్కడ ఆగింది.

ఆ వారం ఇచ్చిన పని తామున్న ఇంట్లో ఒక గది గీయడం. ఆరు రోజులు, ఆరు చిన్న బొమ్మలు, ఏడోరోజు పెద్ద షీటు. స్కేలు ముట్టకూడదు, రబ్బరు వాడకూడదు. ఏది ఎక్కడ ఉన్నట్టు కంటికి కనిపిస్తే అక్కడే గీయాలి. మనస్విని వంటిల్లు ఎంచుకుంది.

దాంతో అహల్యకు వంటిల్లు ఉన్నా లేనట్టే అయింది. పిల్ల గడప దగ్గర పీట వేసుకుని, మోకాళ్ల మీద చెక్కబోర్డు పెట్టుకుని, పెన్సిలు నిలువుగా పట్టి చెయ్యి బారచాచి, ఒక కన్ను మూసి, బొటనవేలిని పెన్సిలు మీద పైకీ కిందికీ జరిపి కొలుస్తూ కూర్చునేది. బొమ్మలో ఉన్న సామాను జరపడానికి వీల్లేదు. కుక్కరు దించితే మళ్లీ అదే చోట పెట్టాలి. పెట్టే చోటు తప్పకుండా కింద సుద్దముక్కతో గుండ్రంగా గీసింది. గురువారానికి అలాంటి సున్నాలు నాలుగయ్యాయి. నా వంటింట్లో నాలుగు శవాలు లేచిపోయినట్టుంది, పోలీసులు రావడమే తరువాయి, అని అహల్య చెల్లెలికి ఫోనులో చెప్పింది. గంపలో కాకరకాయలు బొమ్మలో భాగమైపోయి, వండే భాగ్యం లేక పండి, పగిలి, ఎర్రటి గింజలు చూపించాయి. మనస్విని అవి కూడా గీసింది.

మొదటిరోజు బొమ్మ ఎవరి వంటిల్లయినా కావచ్చు. గోడలు, కిటికీ, గిన్నెల స్టాండు. రెండోరోజూ అంతే. మూడోరోజు పిల్ల చాలాసేపు ఏమీ గీయకుండా కూర్చుంది. నాలుగోరోజు అహల్య పప్పులో గరిటె తిప్పుతూ కూతురి భుజం మీదుగా చూస్తే, కాగితం మీద తూర్పు గోడ లోపలికి వాలి ఉంది. కిటికీ గోడతో అది కలిసే మూల పైనుంచి కిందికి ఏటవాలుగా దిగింది. గోడకు కొట్టిన అర కూడా దానికి తగ్గట్టే ఒరిగింది. అహల్య గరిటె తిప్పడం మానేసింది.

గోడ నిజంగానే వాలి ఉంది. కాపురానికి వచ్చిన రెండోవారంలోనే ఆమెకు తెలుసు. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఈ కిరాయి ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లు. గోడతోపాటు గట్టూ ఒరిగింది కనుక అన్నేళ్లుగా ఆమె స్టవ్వు ఒక కాలికింద పలకముక్క పెట్టి వండుతోంది. పలకముక్క జారిన రోజున దోశ ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా వస్తుంది. పళ్లెంలో దాన్ని చూసి బాలకిషన్, నీ చేయి సాపుగ తిరగదు అహల్యా, అంటాడు. ఆమె ఔనంటుంది. గోడ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడది కాగితం మీద కనిపించేసరికి, తన ఒక్కదానికే తెలిసిన మాటను ఇంకొకరు పైకి చదివినట్టయింది. పప్పు కొంచెం అడుగంటింది.

ఆదివారం మధ్యాహ్నానికి పెద్ద షీటు పూర్తయింది. మనస్విని దాన్ని బోర్డుకు క్లిప్పులతో బిగించి, ముందరి గదిలో గోడకు ఆనించి, క్లాసులో తన పక్కన కూర్చునే లోయిస్‌తో కలిసి ఆబిడ్స్‌కు వెళ్లింది. బొగ్గుపుల్లలు కొనాలి, ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగెయ్యాలి. సికింద్రాబాద్ నుంచి లోయిస్ అందుకే వచ్చింది.

బాలకిషన్ భోజనం చేసి, నడుం వాల్చి, లేచి, ఆ బొమ్మ చూశాడు. దూరంగా నిలబడి చూశాడు. దగ్గరికి వచ్చి చూశాడు. అహల్య నేలమీద చిక్కుడుకాయలు ఈనె తీస్తూ ఆయన్ని చూస్తోంది. ఆయన మెడ మెల్లగా ఒక పక్కకు వంగింది, బొమ్మను సరిచెయ్యలేక మెడనే సరిచేసుకుంటున్నట్టు. తర్వాత లోపలికి వెళ్లి తన పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు.

ఆ పని ఆయన ఎంత నేర్పుగా చేశాడో ఒప్పుకోవాలి. బ్లేడును సగానికి విరిచి, వాలుగా పట్టి, కాగితం చిరగకుండా పైపొర ఒక్కటే లేచేలా ఏటవాలు గీతను గీకాడు. గీకిన చోటును గోటితో నున్నగా రుద్దాడు. మూలమట్టం ఆనించి, ఇంకు పెన్నుతో నిలువుగా ఒకే గీత కిందికి దించాడు. తర్వాత అర, తర్వాత తలుపు చౌకట్లు. పిల్ల వచ్చినంక చెయ్యరాదా, అంది అహల్య. రేపు పొద్దుగాల ఇచ్చుడున్నది, ఇల్లు కూలినట్టు గీసిందేంది, అన్నాడు.

గోడ అట్లాగే ఉందని ఆ క్షణంలో చెప్పవచ్చు. చెబితే ఆయన కొలుస్తాడు, ఇల్లుగలాయనతో తగువు పెట్టుకుంటాడు, ఇంకో ఇల్లు వెతుకుదామంటాడు. చెప్పకపోతే చిక్కుడుకాయలు అయిపోతాయి. అదీగాక, వంటింట్లో ఇరవై రెండేళ్లు తిని, దాని గోడ నిటారుగా ఉందని ఇంకుతో రాసి ఇస్తున్న మనిషిని చూడటంలో ఆమెకు కొంత వినోదం కూడా ఉంది. దాన్ని చెల్లెలికి ఎలా చెప్పాలో మనసులో అప్పుడే పేర్చుకుంటోంది. బాలకిషన్ షీటును చేతులు చాచి పట్టుకుని తృప్తిగా చూసి, బల్లమీద పెట్టి, ఆలోచించకుండానే కుడిచేతి మూలన రాయవలసింది రాశాడు.

సాయంత్రం పిల్లలిద్దరూ వచ్చారు. బాలకిషన్ షీటు చూపించి, ఇప్పుడు చూడు గోడ నిలవడ్డది, అన్నాడు. చాలా నీట్‌గా ఉంది అంకుల్, అంది లోయిస్, ఆసుపత్రిలో రోగితో మాట్లాడే గొంతుతో. మనస్విని షీటును చుట్టి పక్కన పెట్టింది. లోయిస్ వెళ్లిపోయాక, బాలకిషన్ పాలప్యాకెట్టు కోసం బయటికి పోయాక, వంటింటి గడపలో నిలబడి పెన్సిలు చాచింది. ఒక కన్ను మూసి చూసింది. అది తెరిచి రెండోది మూసి చూసింది.

"అమ్మా, ఆ గోడ నీకు వంగినట్టు కనవడ్తదా?"

పెనం మీద రొట్టె పొంగుతోంది. అహల్య దాన్ని తిరగేసింది.

"మీ డాడీకి తెల్వనిది మనకేం తెలుస్తది బిడ్డా. ముప్పయ్యేండ్ల సర్వీసు."

ఎప్పటిలాగే అందులో సగం వెక్కిరింత ఉంది. ఆ వెక్కిరింత బాలకిషన్ మీద, పిల్ల మీద కాదు. కానీ పద్దెనిమిదేళ్ల పిల్ల పెన్సిలు దించేసి మాట ఒక్కటే తీసుకుని వెళ్లింది.

సోమవారం షీటు ఇచ్చి వచ్చిన మనస్విని తల నొప్పిగా ఉందని త్వరగా పడుకుంది. ఏం జరిగిందో మంగళవారం సాయంత్రం లోయిస్ వచ్చి చెప్పేదాకా ఇంట్లో తెలియలేదు. మనస్విని కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లినప్పుడు లోయిస్ వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

ఆనంద్ పాల్ సారు అందరి షీట్లూ గోడకు గుచ్చించి ఒక్కొక్కటీ చూస్తూ వచ్చారట. మనస్విని షీటు దగ్గర కిందికి వంగి, బి.కె. ఎవరని అడిగారట. క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచి అందరూ మనస్వినిని చెక్డ్ అని పిలుస్తున్నారు. మా డాడీ జర సరిచేసిన్రు అని మనస్విని చెప్పింది. ఏం సరిచేశారని సారు అడిగారు. గోడ, అందామె. అప్పుడాయన ఆరు చిన్న బొమ్మలూ తెప్పించి పెద్దదాని పక్కన వరసగా గుచ్చి, ఈ మూడింట్లో గోడ వాలింది, దీంట్లో నిలబడింది, ఏది కరెక్టు అన్నారట.

"పెద్దదే కరెక్టు అన్నది ఆంటీ. చిన్నవాట్ల నేనే తప్పు చూసిన అన్నది. సార్ ఏం తిట్టలే. తిట్టినా బాగుండు."

ఇంకొకరి చేతిపనికి తను మార్కులు వెయ్యలేనన్నాడాయన. శుక్రవారం తల్లిదండ్రులతో రమ్మన్నాడు. మనస్విని నిజంగా చూసింది ఏదో ఆరోజు కూడా తేలకపోతే ఆ స్టూడియోకు సున్నా. అందులో సున్నా వస్తే మొదటి సంవత్సరమంతా వచ్చే ఏడాది జూనియర్లతో మళ్లీ చదవాలి. ఆ మాట చెప్పి లోయిస్ ఆగింది. ఇంకేదో ఉందని అహల్యకు అర్థమైంది. బస్సులో మనస్విని తనను అడిగిందట, బి.కామ్‌లో ఇప్పుడు సీట్లు ఉంటాయా అని. చూడటం రానిదానికి ఈ చదువెందుకు అందట.

అహల్య స్టవ్వు తగ్గించింది. తగ్గించవలసిన పనేమీ లేదు, దానిమీద ఏమీ లేదు.

ఆ పూట అన్నాల దగ్గర మనస్వినే సంగతంతా బయటపెట్టింది, కానీ ఇంకో దారిలో. నిలువుగా ఉన్నవి తనకు వంగినట్టు కనిపిస్తున్నాయనీ, కళ్లు పరీక్ష చేయించుకోవాలనీ అంది. బాలకిషన్ ముఖం తెల్లబోయింది. ఆయన తల్లికి చివర్లో చూపు పోయింది. బి.కె. సంగతీ, సారు సంగతీ ఆయన చెవిదాకా వెళ్లాయో లేదో, మరునాడు సగం రోజు సెలవు పెట్టి ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో రామచందర్ కళ్లద్దాల దుకాణానికి నడిచాడు. తన అద్దాలన్నీ అక్కడివే.

రామచందర్ పిల్లను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుమీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించాడు. కిందివరస దాకా తడుముకోకుండా చదివింది. తర్వాత విసనకర్రలా పరుచుకున్న గీతల అట్ట పెట్టి, ఏ గీత నల్లగా కనిపిస్తోందన్నాడు. అన్నీ ఒక్కతీరే ఉన్నాయంది. ఆయన ఫ్రేము తీసేసి, ఇబ్బంది ఏమిటో మళ్లీ చెప్పమన్నాడు. బాలకిషన్ చెప్పాడు, నిలువు గోడ వంగినట్టు కనిపిస్తోందని.

"గీడ ఏమన్న వంగినయా బిడ్డా? జర సూసి చెప్పు," అన్నాడు రామచందర్.

మనస్విని దుకాణమంతా చూసింది. తలుపు బాగానే ఉందంది. ఫ్రేముల అరలూ బాగానే ఉన్నాయంది. మీ గోడమీద అద్దం మాత్రం ఎడమదిక్కు కొద్దిగ దిగింది అంకుల్, అంది భయపడుతూ.

అహల్య భర్త వైపు చూసింది. లోపలికి వచ్చినప్పట్నుంచీ ఆయన ఆ అద్దం వైపే చూస్తూ, లేవలేక, ఊరుకోలేక కుర్చీ అంచున కూర్చున్నాడని ఆమెకు తెలుసు. బాలకిషన్ లేచి వెళ్లి అద్దాన్ని సరిచేశాడు. అరంగుళం కూడా లేదు ఆ తేడా.

"కండ్లు బంగారమున్నయి," అన్నాడు రామచందర్. "నన్నడిగితే గోడనే వంగి ఉంటది. మీరు కూసోండ్రి, మీ నంబరు జర సూస్త."

బాలకిషన్ కూర్చోలేదు. తిన్నగా ఇంటికి నడిచాడు. చొక్కా కూడా మార్చుకోకుండా ఆయన పెట్టెలోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీశాడు. స్టూలు ఎక్కి, తూర్పు గోడకు పైన ఉన్న మేకుకు దారం చుట్టి, గుండును కిందికి వదిలాడు. అది ఊగుతుంటే వంగి కూర్చుని, ఊగడం ఆగేదాకా ఊపిరి బిగపట్టి చూశాడు. పైన దారం గోడను తాకుతోంది. కింద గుండుకూ గోడకూ మధ్య నాలుగు వేళ్లు పెట్టవచ్చు. స్కేలు పెట్టి చూశాడు. దారం విప్పి మళ్లీ కట్టి చూశాడు. మూడోసారి అద్దాలు తుడుచుకుని చూశాడు. రెండున్నర అంగుళాలు.

తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడాడు. పునాది తియ్యకుండా కట్టిన మేస్త్రీ, సున్నం తక్కువ పెట్టించిన ఇల్లుగలాయన, ఇంటికింద మురుగునీళ్ల పాత మోరీ, మెట్రోకు దింపిన పిల్లర్లు, రైళ్ల అదురు. నేరస్తుల జాబితా బారుగా ఉంది. అందులో లేనిపేరు ఒక్కటే. వంగిందే బిడ్డా, రెండున్నర ఇంచులున్నది, అన్నాడు చివరికి మనస్వినితో. ఔనా, అంది పిల్ల. అంటూ ఆమె చూసింది స్కేలు వైపు. గోడ వైపు కాదు. అది బాలకిషన్ గమనించలేదు, అహల్య గమనించింది.

గురువారం మనస్విని కాలేజీకి పోలేదు. శుక్రవారానికి షీటు మళ్లీ గీస్తే మంచిదని లోయిస్ ఫోన్ చేసి చెప్పింది. కొత్త షీటు బిగించుకుని పాతచోటే పీట వేసుకుంది. కానీ పెన్సిలు చాచలేదు. ఒక గీత పెట్టబోయి, లేచి, గోడదాకా వెళ్లి, దారం పక్కన స్కేలు పెట్టి చూసి వచ్చి కూర్చునేది. మళ్లీ లేచేది. అర ఎంత ఒరిగింది, డాడీ ఆఫీసు నుంచి వచ్చాక కొలవాలి అంది. అహల్య కావాలని కుక్కరును సుద్దగీత దాటించి పెట్టింది. పిల్ల చూడనే లేదు. సాయంత్రానికి షీటు తెల్లగానే ఉంది. వారం క్రితం నాలుగురోజులు చూసి చూసి గోడ వాలును పట్టుకున్న పిల్ల ఇదేనా అనిపించింది అహల్యకు. చెల్లెలు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ కథ చెప్పే ఉబలాటం పోయింది.

శుక్రవారం పదకొండింటికి ముగ్గురూ స్టూడియోలో ఉన్నారు. పొడుగాటి హాలు, ఎత్తు స్టూళ్లు, బల్లలమీద మట్టి, సింకు చుట్టూ మసి. మధ్యలో ఒక దుప్పటి, దానిమీద కుండ, ఒక పాత సైకిలు సీటు. గోడకు గుచ్చిన ఎడమచేతులు యాభై దాకా ఉన్నాయి, ఏ ఒక్కటీ మనిషిది అనిపించకుండా. బాలకిషన్ వాటివైపు చూడకుండా ఉండటానికి శ్రమపడుతున్నాడు. ఆనంద్ పాల్ యాభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు, చొక్కా జేబుకు బొగ్గు మరక. కూర్చోమని స్టూళ్లు తనే జరిపాడు.

బాలకిషన్ ముందురోజు ఆఫీసులో టైపు చేయించిన కాగితం ఇచ్చాడు. గోడ ఎత్తు, వాలు, ఎక్కడెక్కడ ఎంత. బి.కె. అనేది కేవలం చేతి అలవాటని వివరించాడు. నేల స్వభావం, పునాది కుంగడం, మేస్త్రీల పనితనం గురించి చెప్పాడు. లోపమంతా కట్టడంలో ఉన్నది సార్, మా పిల్లది గాదు, అన్నాడు. ఆనంద్ పాల్ ఓపికగా విన్నాడు. కాగితం మడిచి పక్కన పెట్టి మనస్వినిని అడిగాడు, నువ్వేం చూసినవమ్మా అని.

"డాడీ కొలిచిన్రు గద సార్. వంగిందట."

"కొలతలు నా దగ్గరున్నయి. నీకు కనవడ్డది అడుగుతున్న."

"నాకు తెల్వది సార్."

ఆయన లేచాడు. స్టూడియోలో వాదన ముదిరితే ఆయన చేసే పని ఒకటుందని లోయిస్ ముందే చెప్పింది. మాటలు ఆపి గీయమంటాడు. రెండు కాగితాలు తెచ్చి ఒకటి కూతురి ముందు, ఒకటి తండ్రి ముందు పెట్టాడు. రెండు పెన్సిళ్లు ఇచ్చాడు. మీ వంటింట్లో ఆ మూల ఒక్కటి, చాలు, గుర్తున్నట్టు గీయండి అన్నాడు.

బాలకిషన్ నిలువుగీత గీశాడు. స్కేలు లేకుండానే, మేకుకు వేలాడదీసిన దారంలా. గీసి, చూసుకుని, పెన్సిలు అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. రెండున్నర అంగుళాల వాలును మూడుసార్లు కొలిచిన మనిషి ఆయన. ఆ టైపు కాగితం ఇంకా పక్కనే ఉంది. చెయ్యి వినలేదు.

మనస్విని పెన్సిలు మొన కాగితం పైఅంచున పెట్టింది. అది కొంచెం కుడికి కదిలింది. ఆగింది. పిల్ల తండ్రి కాగితం వైపు చూసింది. తర్వాత మొనను వెనక్కి తెచ్చి, తిన్నగా, నిలువుగా కిందికి లాగింది.

ఆనంద్ పాల్ ఆ రెండు గీతల వైపూ చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఒక పని వదిలేసుకుంటున్న మనిషి ముఖం అది. మార్కుల రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు. అది కొత్త కాదు. ఎవరూ అడగకపోవడం వల్ల అహల్యకు ఇన్నేళ్లూ హాయిగానే గడిచింది. కూర్చుని చూడవచ్చు, నవ్వుకోవచ్చు. ఇప్పుడు మాత్రం ఆమె స్టూలు దిగింది.

"నాకొక కాయితం ఇస్తరా సార్?"

ఆయన ఇచ్చాడు. బాలకిషన్, నీకెందుకు అన్నట్టు చూశాడు. అహల్య పెన్సిలును అట్లకాడలా పట్టుకుంది, ఇంకోరకంగా పట్టుకోవడం ఆమెకు రాదు. ఇంటర్మీడియెట్‌లో కప్పబొమ్మ గీశాక ఆమె గీసిందేమీ లేదు. గీత వణికింది. అయినా పైన మేకు దగ్గర మొదలై, తడుముకోకుండా, తన ఎత్తుకు అందే చోట కొంచెం ఎక్కువ ఒరిగి, కిటికీ కింద ఇంకాస్త జరిగి, నేలను తాకింది. దాని పక్కనే అర గీసింది, ఎటు ఒరగాలో అటే. నేలగీత కూడా గీసింది. అది తూముకు ఎదురుదిక్కుకు పల్లంగా పోయింది. కడిగిన నీళ్లు తూములోకి పోకుండా రోజూ స్టవ్వు గట్టు కిందికి ఎట్లా వస్తాయో అట్లా. బాలకిషన్ టైపు కాగితంలో నేల సంగతి లేదు.

మనస్విని వంగి చూసింది. తన నాలుగోరోజు బొమ్మే అది, వంకర చేత్తో గీసింది.

"నీకు తెల్సా అమ్మా?"

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు బాలకిషన్. ఆయనకు ఆమె చెప్పవలసింది చాలా ఉంది, దానికి ఇల్లుంది, ఇంకా వెయ్యవలసిన బోలెడన్ని దోశలున్నాయి. అహల్య ఆయన వైపు తిరగలేదు. పెన్సిలు కింద పెట్టి కూతురి వైపే చూసింది. పిల్ల కళ్లు అదే బొమ్మమీద ఉన్నాయి, ఒకటి కొద్దిగా మూసుకుని.

"ఎరికే బిడ్డా. నువ్వు పుట్టకముందు సంది ఎరికే. రోజూ నేను చూసేదే నువ్వు చూసినవ్, ఒక్క ఇంచు తప్పు చూడలే. నువ్వు అడిగిననాడు ఔను అంటె అయిపోతుండె. నీ కన్ను మంచిగనే ఉండె, నేనే అబద్ధం చెప్పిన. తప్పు నాది."